నర్సు చెవిన పడని మాటలు: కడపలో ఒక ఇంగ్లీషు అభ్యాసకురాలి కేస్ స్టడీ

కడప పట్టణంలో ఉద్యోగాలు చేసుకునేవారికి ఇంగ్లీషు నేర్పడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది వ్యాకరణానికి భయపడుతూ వస్తారు. ఇక్కడ వివరిస్తున్న అభ్యాసకురాలికి ఆ భయం లేదు. వాక్యం రాయడంలో ఆమె తప్పులు తక్కువ, వైద్య పదజాలంలో నాకంటే ఆమె చాలా మెరుగు. అయినా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న రోగి తన బాధను తన మామూలు మాటల్లో చెప్పుకున్నప్పుడు ఆమెకు అందులో సగం అందేది కాదు. ఆ సగంలో దాదాపు అంతా జాతీయాలే. జాతీయాన్ని అర్థంతో సహా కంఠస్థం చేయిస్తే సరిపోతుందని నేనూ చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకం ఎక్కడ విరిగిందో, దాని స్థానంలో ఏం వచ్చిందో నాలాగా నేర్పే పనిలో ఉన్నవారికి ఉపయోగపడుతుందని ఆమె అనుమతితో రాస్తున్నాను.

నేపథ్యం

ఆమెది రాయచోటి వైపు ఒక పల్లె. వయస్సు 27 సంవత్సరాలు. బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తిచేసి ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో నాలుగేళ్ళు పనిచేసింది. ఆ ప్రాంతం నుంచి కువైట్‌కు పనికి వెళ్ళే ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆమె తల్లి కూడా అక్కడ ఇళ్ళలో పనిచేసి పంపిన డబ్బుతోనే కూతుర్ని చదివించింది. బ్రిటన్‌లో నర్సుగా చేరాలన్నది ఆమె కోరిక. అందుకు ఓఈటీ అనే వృత్తిపరమైన ఇంగ్లీషు పరీక్ష రాసింది. 500కు లెక్కించే ఆ పరీక్షలో బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ వినడం, చదవడం, మాట్లాడడం విభాగాల్లో 350 చొప్పున, రాయడంలో 300 అడుగుతుంది. ఆమెకు చదవడంలోనూ రాయడంలోనూ కావలసినన్ని వచ్చాయి. వినడంలో 310, మాట్లాడడంలో 330 దగ్గర ఆగిపోయింది. "సార్, ఒకే ఒక్కసారి వినిపిస్తారు. మాట తెలిసినట్టే ఉంటుంది, కానీ అర్థం జారిపోతుంది" అని మొదటి రోజే చెప్పింది. ఆ రోజు ఆ వాక్యానికి ఇవ్వవలసినంత విలువ నేను ఇవ్వలేదు.

ఆ పరీక్షలో వినడం విభాగపు మొదటి భాగం రోగికీ వైద్య సిబ్బందికీ మధ్య జరిగే రెండు సంభాషణలు. ఒక్కొక్కటి సుమారు ఐదు నిమిషాలు నడుస్తుంది. రోగి మాట్లాడుతూ ఉంటే వింటూ నోట్స్‌లోని ఖాళీలు నింపాలి. నేను సాధన కోసం రాసుకున్న ఒక సంభాషణను ఆమెకు వినిపించాను. అందులో ఒక వృద్ధురాలు ఇలా అంటుంది: "ఐ హావ్ బీన్ ఎ బిట్ ఆఫ్ కలర్ సిన్స్ ట్యూస్‌డే, లవ్. ఐ హావ్ హ్యాడ్ ద రన్స్, అండ్ దిస్ మార్నింగ్ ఐ నియర్లీ పాస్డ్ ఔట్."

ఆమె రాసుకున్నది ఇది: మంగళవారం నుంచి చర్మం రంగు మారింది, పరుగు వ్యాయామం చేస్తారు, ఏదో కోర్సు పూర్తికావచ్చింది.

వృద్ధురాలు చెప్పింది వేరు. మంగళవారం నుంచి ఒంట్లో నలతగా ఉంది, విరేచనాలు అవుతున్నాయి, ఈ ఉదయం స్పృహ తప్పినంత పనైంది. వయసు మళ్ళిన మనిషికి మూడు రోజుల విరేచనాలు, ఆపైన కళ్ళు తిరగడం అంటే ఒంట్లో నీరు తగ్గిపోతోందని ఏ నర్సయినా వెంటనే అనుమానించాలి. ఇదే సంగతిని మన వార్డులో ఒక ముసలమ్మ తెలుగులో చెప్పి ఉంటే ఆమె క్షణం ఆలస్యం చేయకుండా నాడి చూసి, బీపీ తీసి, డాక్టరును పిలిచి ఉండేది. వైద్యం తెలిసిన మనిషి వైద్యం చేయలేని స్థితిలో పడింది, ఆ మూడు మాటలు తెలియకపోవడం వల్ల. నాకు ఈ కేసులో అన్నిటికంటే ఆందోళన కలిగించిన విషయం ఇదే.

ఆ మూడు పొరపాట్లూ ఒక కోవకు చెందినవి కావు. మొదటిది తెలియని జాతీయాన్ని మాటకు మాటగా చదవడం. రెండోది కూడా అంతే, కాకపోతే మన దగ్గర "లూజ్ మోషన్స్" అనే మాట స్థిరపడిపోయింది కాబట్టి దానికి ఇంకో ఇంగ్లీషు మాట ఉంటుందన్న ఊహే ఆమెకు రాలేదు. మూడోది వీటికంటే చిక్కుది. "పాసౌట్" అనే మాటను మనం తెలుగు వాక్యంలో చదువు పూర్తికావడానికి రోజూ వాడుతున్నాం. తెలియని మాట దగ్గర మనిషి ఆగి ఆలోచిస్తాడు. తెలుసనుకున్న మాట దగ్గర ఆగడు.

నేను చేసిన తప్పు

మొదటి రెండు వారాలు నేను ఆమెకు 120 జాతీయాల పట్టిక ఇచ్చాను. ఎడమవైపు జాతీయం, కుడివైపు తెలుగు అర్థం. ఆమె నైట్ డ్యూటీల మధ్య దాన్ని పూర్తిగా కంఠస్థం చేసింది. అడిగితే తడుముకోకుండా చెప్పేది. నాకు సంతృప్తి కలిగింది.

మూడో వారంలో మాట్లాడడం విభాగానికి సాధన మొదలుపెట్టాం. అందులో ఒక్కో సన్నివేశం సుమారు ఐదు నిమిషాలు. పరీక్ష నిర్వహించేవారే రోగిగానో, రోగి బంధువుగానో మాట్లాడతారు. నేను తండ్రిని పోగొట్టుకున్న కొడుకుగా కూర్చున్నాను. ఆమె గొంతు తగ్గించి, ఎంతో దయగా, "ఐ యామ్ సారీ, యువర్ ఫాదర్ హ్యాజ్ కిక్డ్ ద బకెట్" అన్నది.

తప్పు ఆమెది కాదు. నా పట్టికలో ఆ మాటకు ఎదురుగా "చనిపోవడం" అని మాత్రమే ఉంది. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ తెచ్చిన మోటుమాటల నిఘంటువులోనే ఆ జాతీయం కనిపిస్తుంది. ఇప్పటికీ అది పరిహాసపు మాటే. అర్థం ఇచ్చి, ఆ మాట ఎవరి నోట, ఏ వేళ, ఏ మనసుతో వస్తుందో నేను ఇవ్వలేదు.

ఆమెను నేను ఒకటే అడిగాను: "మన వార్డులో ఒక పెద్దాయన పోతే, ఆయన కొడుకుతో 'మీ నాయన బాల్చీ తన్నేశాడు' అంటావా?" ఆమె చాలాసేపు తల ఎత్తలేదు. తర్వాత నెమ్మదిగా, తను ఆ సందర్భంలో ఏమంటుందో ఒక్కొక్కటిగా చెప్పడం మొదలుపెట్టింది. పెద్దవారైతే "కాలం చేశారు" అంటుంది, ఇంటివాళ్ళతో "పోయారు" అంటుంది, రిజిస్టరులో మరో మాట రాస్తుంది. "టపా కట్టేశాడు" అనేది స్నేహితుల మధ్య, గిట్టని మనిషి గురించి. ఈ తేడాలు ఆమెకు ఎవరూ నేర్పలేదు, ఏ పట్టికలోనూ చదవలేదు. జాతీయం అంటే ఏమిటో ఆమెకు పుట్టుకతోనే తెలుసు. దాన్ని వదిలిపెట్టి నేను పరాయి భాషలో మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాను. ఆ సాయంత్రం పట్టికను పక్కన పెట్టేశాం.

అదే సందర్భంలో ఇంకో మాట కూడా దిద్దుకున్నాం. మన ఆసుపత్రుల్లో "పేషెంట్ ఎక్స్‌పైర్డ్" అనడం మర్యాద అనుకుంటాం. బ్రిటన్‌లో ఆ మాట వింటే జనానికి ముందుగా గడువు తీరిన పాల సీసా గుర్తుకొస్తుంది. అక్కడ "డైడ్" అని సూటిగా అంటారు, మెత్తగా చెప్పాలంటే "పాస్డ్ అవే" అంటారు.

వార్డు నోటుపుస్తకం

నాలుగో వారంలో ఆమెకు ఇంగ్లీషు పని ఏమీ ఇవ్వలేదు. వార్డులో రోగులు తమ బాధను చెప్పడానికి వాడే తెలుగు మాటలను, వాళ్ళ పేర్లూ వివరాలూ లేకుండా, వారం రోజులు రాసుకు రమ్మన్నాను. మొదట ఆమెకు అది వృథాగా తోచింది. పరీక్ష తేదీ దగ్గరపడుతుండగా తెలుగు రాయించడం ఏమిటన్న ఆదుర్దా ముఖంలో కనిపించింది. వారం తర్వాత పదమూడు పేజీలు నిండిన నోటుపుస్తకంతో వచ్చింది.

కండ్లు బైర్లు కమ్ముతాండాయి. కాళ్ళు పీకుతాండాయి. చెయ్యి తిమ్మిరెక్కింది. కడుపులో దేవుతాంది. గొంతు బొంగురుపోయింది. నడుము పట్టేసింది. ఒంటికి పోవాల. నెల తప్పింది. నీళ్ళు పోసుకుంది. షుగర్ ఉంది. బీపీ ఉంది.

వేరే రాష్ట్రం నుంచి వచ్చి తెలుగును పుస్తకంలో నేర్చుకున్న నర్సు ఈ వార్డులో నిలబడితే ఏమవుతుందో ఊహించమన్నాను. "నీళ్ళు పోసుకుంది" అంటే ఆ నర్సు స్నానం చేసిందని రాసుకుంటుంది. ఆ స్త్రీ గర్భవతి అని తెలియకుండానే మందు ఇచ్చే ప్రమాదం ఉంది. "ఒంటికి పోవాల" అంటే ఆమె ఏ ఒంటి గురించో వెతుకుతుంది. నా అభ్యాసకురాలు ఒక్కసారిగా లేచి, "సార్, ఆ ముసలామె 'రన్స్' అన్నప్పుడు నేను ఆ నర్సునే కదా" అన్నది.

ఆ పుస్తకం నుంచి ఇంగ్లీషుకు దారి సులభమైంది. జాతీయాలను అక్షర క్రమంలో కాకుండా, మనుషులు ఏ విషయాలను సూటిగా చెప్పలేక చుట్టుతిప్పి చెబుతారో ఆ విషయాల వారీగా తీసుకున్నాం. మలమూత్రాలు, మరణం, నీరసం, నొప్పి, భయం. ఈ ఐదింటిలోనే రోగి మాట ఎక్కువగా ముసుగు వేసుకుంటుంది, కడపలోనైనా లండన్‌లోనైనా.

అందులో మొదటిదాని దగ్గర మేము అన్నిటికంటే ఎక్కువ కాలం గడిపాం, ఎందుకంటే అక్కడ పొరపాటు జరిగితే రోగి పరువు పోతుంది. చిన్నపిల్లలు "నంబర్ వన్, నంబర్ టూ" అంటారని చెప్పగానే ఆమె మొహం వికసించింది, మన ఒంటికి, రెంటికి అన్నవే అవి. "వాటర్‌వర్క్స్" అంటే పట్టణపు నీటి సరఫరా కాదు, మూత్రానికి సంబంధించిన అవయవాలు. ఆ మాటలో ఇబ్బంది ఉందని పెద్దాయన ఒకరు చెబితే మూత్ర సమస్య అని రాసుకోవాలి. "బంగ్డ్ అప్" అంటే మలబద్ధకం కావచ్చు, ముక్కు దిబ్బడ కావచ్చు, ఏదో అడిగి తెలుసుకోవాలి. "కాట్ షార్ట్" అంటే బాత్‌రూముకు చేరేలోగా ఆపుకోలేని పరిస్థితి.

"స్పెండ్ ఎ పెన్నీ" అన్నది ఆమెకు మొదట బొత్తిగా అంతుపట్టలేదు. రోగి డబ్బు ఇవ్వబోతోందని, తీసుకోకూడదని మర్యాదగా తిరస్కరించాలని ఆమె అనుకున్నది. ఆ రోగికి కావలసింది టాయిలెట్‌కు దారి చూపడం. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో జార్జ్ జెన్నింగ్స్ ఏర్పాటుచేసిన మరుగుదొడ్లకు రుసుము ఒక పెన్నీ. ఆ తర్వాత ఊళ్ళలో కట్టిన ప్రజా మరుగుదొడ్ల తలుపుల తాళాలు కూడా పెన్నీ వేస్తేనే తెరుచుకునేవి. పౌనుకు 240 చొప్పున లెక్కించే ఆ పాత పెన్నీ 1971లో పోయింది. మాట మాత్రం వయసు మళ్ళినవారి నోట మిగిలింది. మనకు 1957లో దశాంశ నాణేలు వచ్చి ఇన్నేళ్ళయినా "దమ్మిడీ ఆదాయం లేదు, గడియ తీరిక లేదు" అని అంటూనే ఉన్నాం కదా అని చెప్పాక ఆమెకు ఆ మాట మళ్ళీ మరుపు రాలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పుట్టుపూర్వోత్తరాల కథ జ్ఞాపకానికి మేకులా పనికొస్తుంది, కానీ ప్రచారంలో ఉన్న కథల్లో చాలావాటికి ఆధారం లేదు. కుండపోత వానకు పిల్లులూ కుక్కలూ కురవడమనే మాట గడ్డి కప్పుల మీద పడుకున్న జంతువులు జారిపడడం వల్ల వచ్చిందన్న కథ అలాంటిదే. నమ్మదగిన కథ ఉంటేనే చెబుతాను, లేకపోతే మాటను మాటగానే నేర్పుతాను.

మిగిలిన నాలుగు విషయాలూ త్వరగా సాగాయి. "అండర్ ద వెదర్" అన్నా "ఆఫ్ కలర్" అన్నా నలత. "పిన్స్ అండ్ నీడిల్స్" అంటే తిమ్మిరి, "ఫ్రాగ్ ఇన్ మై త్రోట్" అంటే బొంగురుపోయిన గొంతు. "ఫన్నీ టర్న్" అంటే ఉన్నట్టుండి కళ్ళు తిరిగి తూలిపోవడం, అందులో నవ్వు ఏమీ లేదు. "టచ్ అండ్ గో" అంటే బతుకుతారో లేదో చెప్పలేని స్థితి, "ఆన్ ద మెండ్" అంటే కోలుకుంటున్నట్టు. ప్రతిదానికీ ఆమె తన నోటుపుస్తకంలో ఒక తెలుగు రోగి మాటను జత కట్టింది. జత దొరకనివాటికి బలవంతంగా కట్టవద్దని చెప్పాను. అవే తర్వాత ఆమెకు బాగా గుర్తున్నాయి.

ఆ రోజుల్లోనే ఒక సెలవునాడు ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి ఆమెను పంపించాను. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన బ్రౌన్ ఇదే చిక్కును అవతలి ఒడ్డు నుంచి ఎదుర్కొన్న మనిషి. 1852లో వెలువడిన ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మాటకు అర్థం ఇచ్చి ఊరుకోదు, ఆ మాట ఏయే పలుకుబడుల్లో ఎలా మారుతుందో కూడా చూపిస్తుంది. ఆమె అక్కడ రెండు గంటలు కూర్చుని వచ్చి, తన పుస్తకంలోనూ ప్రతి మాట కింద అది వచ్చిన వాక్యం రాయడం మొదలుపెట్టింది. నేను చెప్పకుండానే చేసిన పని అది.

తెలుసనుకున్న మాటలు

పైన చెప్పినట్టు, అసలు చిక్కు తెలియని జాతీయాలతో కాదు. తెలుగులో మరో అర్థంతో స్థిరపడిన ఇంగ్లీషు మాటలతో. వీటిని విడిగా వారం పాటు సాధన చేయించాను.

"కుడ్ యూ గివ్ మి ఎ హ్యాండ్, లవ్?" అని మంచం మీది రోగి అంటే కాస్త సాయం పట్టమని. మనకు "హ్యాండిచ్చాడు" అంటే నమ్మించి మోసం చేశాడని. ఆమె ఆ వాక్యం విన్నప్పుడు రోగి ఎవరిమీదో ఫిర్యాదు చేస్తున్నట్టు రాసుకున్నది. "బీపీ ఉంది" అని మనం అంటే రక్తపోటు ఎక్కువని అందరికీ తెలుస్తుంది. ఇంగ్లీషులో "ఐ హావ్ బీపీ" అంటే అర్థం లేదు, ఎందుకంటే బతికి ఉన్న ప్రతివారికీ రక్తపోటు ఉంటుంది. "తల తింటున్నాడు" అన్నదాన్ని యథాతథంగా ఇంగ్లీషులోకి మార్చితే వినేవారు బిత్తరపోతారు. దానికి దగ్గరగా వినిపించే "బిట్ మై హెడ్ ఆఫ్" విసిగించడం కాదు, కసురుకోవడం.

పిలుపుల సంగతి కూడా ఇక్కడే వచ్చింది. రోగి తనను "లవ్" అని పిలవడం ఆమెకు మొదట ఎంతో ఇబ్బంది కలిగించింది. పెళ్ళికాని ఆడపిల్ల, ఇంట్లో వింటే ఏమనుకుంటారోనని బెంగపడింది. ఇంగ్లండులో చాలాచోట్ల వయసు మళ్ళినవాళ్ళు దుకాణందారును, బస్సు డ్రైవరును, నర్సును అలాగే పిలుస్తారని, మన వార్డులో ముసలివాళ్ళు "అమ్మా", "పాపా" అనడం లాంటిదని చెప్పాక ఆమె తేలికపడింది.

మాట స్వరూపం మార్చకూడదన్న సంగతిని కూడా తెలుగులోనే చూపించాను. "పప్పులో కాలేశాడు" అంటాం, "పప్పులో పాదం మోపాడు" అంటే అక్కడ జాతీయం ఉండదు, పప్పు ఒక్కటే మిగులుతుంది. ఇంగ్లీషులోనూ అంతే.

మాట్లాడడంలో ఎంత వాడాలి

ఇక్కడ నా అభిప్రాయం చాలామంది శిక్షకుల అభిప్రాయానికి భిన్నం. జాతీయాలు గుప్పిస్తే మార్కులు పెరుగుతాయని చెప్పే పద్ధతిని నేను ఒప్పుకోను. నర్సు పని జాతీయాన్ని విని అర్థం చేసుకోవడం. తను మాట్లాడేటప్పుడు సాదా మాటలే మంచివి. ఆపరేషనుకు భయపడుతున్న మనిషికి "ఇట్స్ ఎ పీస్ ఆఫ్ కేక్" అని చెప్పడం, మన వైపు "నల్లేరు మీద బండి నడకే" అని చెప్పడం ఒకటే. ధైర్యం చెప్పే మనిషికి అది తేలిక మాట, కత్తి కింద పడుకోబోయే మనిషికి కాదు. ఓఈటీ మాట్లాడే విభాగంలో భాషతో పాటు, రోగి దృష్టిని అర్థం చేసుకున్నారా, అతనితో సంబంధం నిలుపుకున్నారా అన్నదానికీ మార్కులు ఉన్నాయి.

అందుకని ఆమెకు ఒకే అలవాటు చేయించాను. రోగి ముసుగు మాట వాడినప్పుడు, దాన్ని సాదా మాటలో తిరిగి చెప్పి సరేనా అని అడగడం. "రన్స్" అంటే, విరేచనాలు నీళ్ళలా అవుతున్నాయా, రోజుకు ఎన్నిసార్లు అని అడగడం. పూర్తిగా తెలియని మాట వస్తే, తెలిసినట్టు తల ఊపకుండా, "మీరు ఆ మాటతో ఏం చెప్పదలచారో కాస్త వివరిస్తారా" అని మర్యాదగా అడగడం. ఈ రెండోది ఆమెకు అన్నిటికంటే కష్టమైంది. పెద్దవాళ్ళు చెప్పినప్పుడు అర్థం కాలేదనడం అమర్యాద అన్న పెంపకం ఆమెది. దాదాపు పది సాధనల తర్వాత గానీ ఆ వాక్యం సహజంగా రాలేదు.

ఫలితం

మొత్తం తొమ్మిది వారాలు, వారానికి మూడు సాయంత్రాలు సాగింది ఈ శిక్షణ. రెండో ప్రయత్నంలో ఆమెకు వినడంలో 370, మాట్లాడడంలో 380 వచ్చాయి. ఇదంతా జాతీయాల వల్లనే అని నేను చెప్పను. వింటూ రాసుకునే వేగం కూడా ఆ వారాల్లో బాగా పెరిగింది. యాసల విషయంలో మాత్రం మేము ఎక్కువ సాధించలేకపోయాం. స్కాట్లండు మాట వినిపిస్తే ఆమె ఇప్పటికీ తడబడుతుంది. ఇంకొకటి కూడా మిగిలిపోయింది. అక్కడి వృద్ధులు తీవ్రమైన నొప్పిని కూడా "ఎ బిట్ సోర్" అనో, "నాట్ టూ బ్యాడ్" అనో తగ్గించి చెబుతారు. ఒక చిన్న గాయానికే వార్డంతా వినిపించేలా అరిచే రోగులకు అలవాటుపడిన నర్సుకు ఆ తగ్గింపును కొలవడం మాటలతో నేర్పగలిగింది కాదు. నొప్పిని పదికి ఎంత అని అంకెల్లో అడగమని మాత్రం చెప్పగలిగాను.

ఆమె ఇప్పుడు ఇంగ్లండులో ఒక ఆసుపత్రిలో వృద్ధుల వార్డులో పనిచేస్తోంది. నోటుపుస్తకం ఆమెతోనే వెళ్ళింది. కొత్త మాట దొరికినప్పుడల్లా, అది ఎవరిదో చెప్పకుండా, మాటను మాత్రం నాకు పంపుతుంది. ఇటీవల వచ్చింది "ఐ హావ్ హ్యాడ్ ఎ గుడ్ ఇన్నింగ్స్". క్రికెట్ తెలిసిన కడప పిల్లకు ఇన్నింగ్స్ అంటే వివరించనక్కరలేదు. పెద్దాయన ఆట గురించి చెప్పడం లేదని, తన బతుకు తృప్తిగా గడిచిందని, ఇక వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నానని చెబుతున్నాడని ఆమెకు వెంటనే తెలిసింది. చేతిలోని చార్టు పక్కన పెట్టి మంచం దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నానని రాసింది. నోటుపుస్తకంలో ఆ మాటకు జతగా ఆమె రాసుకున్నది ఒక్కటే మాట: పండుటాకు.